చచ్చిందా, సొమ్మసిల్లిందా?

గుండెపోటు వచ్చి తగ్గాక మిగిలే అసలు ప్రశ్న కండ గురించి. ఆ ప్రశ్నకు కంటికి కనబడేలా జవాబిచ్చే పరీక్ష గుండె ఎంఆర్ఐ. అది ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు, చేయించాక వైద్యం ఏ దారి పడుతుంది? నగరి నుంచి తిరుపతికో వేలూరుకో చెన్నైకో ఫైళ్లు చంకన పెట్టుకుని తిరిగే కుటుంబాల కోసం ఈ వారం ముఖచిత్ర కథనం.

నగరిలో ఎవరికైనా గుండె పట్టేసిందంటే ఇంట్లోవాళ్ల నోట మొదట వచ్చే మాట "ఎటు పోదాం?" అనే. పుత్తూరు మీదుగా తిరుపతి దాదాపు యాభై కిలోమీటర్లు. తిరుత్తణి దాటి చెన్నై చేరాలంటే ఇంచుమించు అందుకు రెట్టింపు. ఇంట్లో పెద్దవాళ్లుంటే మూడో పేరు కూడా వినబడుతుంది, వేలూరు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయినా రోగుల దారికి ఆ సరిహద్దు ఎన్నడూ అడ్డం రాలేదు. కాలో చెయ్యో విరిగితే పక్కనే పుత్తూరు కట్టు, లోపలి జబ్బయితే వేలూరులోని సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి. ఈ ప్రాంతంలో తరాలుగా నడిచిన లెక్క ఇది. మన దేశంలో గుండెను తెరిచి చేసిన తొలి విజయవంతమైన ఆపరేషన్ 1959లో జరిగింది వేలూరు సీఎంసీలోనే. తిరుపతిలో 1993లో స్విమ్స్ ఆసుపత్రి మొదలయ్యాక దక్షిణం వైపు చూసే చూపు కొంత ఉత్తరానికి తిరిగింది. 2021 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానం పిల్లల కోసం శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచాక ఇంకాస్త తిరిగింది.

ఈసీజీ, ఎకో, యాంజియో, స్టెంటు, బైపాస్. మగ్గాల వీధుల్లోనూ ఈ మాటలిప్పుడు అందరికీ తెలిసినవే. రోగిని చూడటానికి వచ్చిన బంధువు కూడా "పంపింగ్ ఎంతుంది?" అని అడుగుతాడు. ఆ తర్వాతి మెట్టు గురించే ఎక్కువమందికి తెలియదు.

ఏకాంబరకుప్పంలో మరమగ్గం నడిపే యాభై ఏళ్ల మనిషిని ఒకరిని ఊహించుకుందాం. ఛాతీలో మంట. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాడు. మర్నాడు కూడా పనిలోకి పోయాడు. మూడోనాడు ఆయాసం తట్టుకోలేక ఆసుపత్రికి వస్తే ఎకోలో పంపింగ్ 30 శాతమే. మామూలు మనిషికి అది 55 శాతానికి పైన ఉండాలి. యాంజియోలో ఒక పెద్ద రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి కనబడింది. కొడుకు డాక్టరును అడుగుతాడు: "స్టెంటు వేస్తే మా నాయన గుండె మళ్లీ ముందు మాదిరి కొట్టుకుంటాదా సార్?"

మాట చిన్నదే, జవాబు మాత్రం ఎకో దగ్గర లేదు, యాంజియో దగ్గరా లేదు. యాంజియో గొట్టాలను చూపిస్తుంది, ఎకో గోడ కదలికను చూపిస్తుంది. గోడ కదలడం లేదంటే రెండు కారణాలుండొచ్చు. కండ చచ్చిపోయి మచ్చగా మారి ఉండొచ్చు. లేదా రక్తం చాలక, ఉన్న కాస్త శక్తితో ప్రాణం నిలుపుకుంటూ పని ఆపేసి ఉండొచ్చు. చచ్చిన కండకు ఎంత రక్తం పారించినా లేవదు. సొమ్మసిల్లిన కండ రక్తం అందితే లేవొచ్చు. మామూలు ఎకోలో రెండూ ఒకేలా, కదలకుండా కనబడతాయి.

తెల్లగా కనిపించే మచ్చ

ఎంఆర్ఐ యంత్రం మన ఒంట్లోని నీటిని, కొవ్వును, వాటిలోని హైడ్రోజన్‌ను ఆధారం చేసుకుని బొమ్మ గీస్తుంది. ఎక్స్-రే కిరణాలు ఉండవు. 1.5 టెస్లా యంత్రంలోని అయస్కాంత బలం భూమికి ఉన్నదానికి ముప్పై వేల రెట్ల పైమాటే. ఎక్కువ యంత్రాల్లో ఆ అయస్కాంతపు తీగచుట్టలను ద్రవ హీలియంలో ముంచి మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచుతారు. ఒంట్లోకి పంపే రేడియో తరంగాలు మనం వినే ఎఫ్ఎం తరంగాలకు దగ్గర్లోవే. మెదడు, మోకాలు, వెన్నుపూస లాంటివి కదలకుండా ఉంటాయి కాబట్టి వాటి బొమ్మ తీయడం తేలిక. గుండె ఆగదు కదా. అందుకే రోగి ఛాతీకి ఈసీజీ తీగలు అంటించి, ఒక్కో కొట్టుకు కొంత కొంత చొప్పున సమాచారం పోగేసి, ఎన్నో కొట్ల ముక్కలను కలిపి ఒక బొమ్మగా కూరుస్తారు. 1977లో రేమండ్ డమాడియన్ బృందం మనిషి ఛాతీకి తొలి స్కాన్ తీసినప్పుడు ఒక్క బొమ్మకు ఐదు గంటలు పట్టింది. ఎంఆర్ఐకి పునాది వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ వచ్చింది. ఇవాళ కొట్టుకునే గుండెను సినిమాలాగా చూడటానికి ఒక శ్వాస బిగబట్టే సమయం చాలు.

అసలు పని గాడోలినియం అనే మందుతో మొదలవుతుంది. చేతి నరంలోకి ఎక్కించాక అది కణాల మధ్య ఖాళీల్లోకి వెళ్తుందే తప్ప బతికున్న కణం లోపలికి పోలేదు. ఆరోగ్యంగా ఉన్న కండలో కణాలు ఒత్తుగా అమరి ఉంటాయి, మందుకు చోటు తక్కువ. పది పదిహేను నిమిషాల్లో అక్కణ్నుంచి చాలావరకు కడుక్కుపోతుంది. కణాలు చచ్చి మచ్చ కట్టిన చోట ఖాళీ ఎక్కువ, మందు అక్కడ నిలిచిపోతుంది. అప్పుడు తీసిన బొమ్మలో మంచి కండ నల్లగా, మచ్చ తెల్లగా మెరుస్తూ కనబడుతుంది. గుండె డాక్టర్లు ముందుగా వెతికేది ఆ తెలుపునే.

తెలుపు ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, గోడ మందంలో ఎక్కడుందన్నదీ ముఖ్యమే. గుండెకు రక్తం తెచ్చే నాళాలు బయటి పొర మీద నుంచి లోపలికి దిగుతాయి. చెరువు నీళ్లు తగ్గితే ముందు ఎండేది కాలువ చివరనున్న పొలమే. గుండె గోడలో ఆ చివరి పొలం లోపలి పొర. అందుకని గుండెపోటు మచ్చ ఎప్పుడూ లోపలి అంచు నుంచి మొదలై బయటికి పాకుతుంది. మచ్చ లోపలి అంచును వదిలేసి గోడ మధ్యలోనో బయటి అంచులోనో ఉందంటే అది రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చింది కాదు. వైరస్ వల్ల కండ వాచి ఉండొచ్చు, వంశపారంపర్య జబ్బు ఉండొచ్చు, మరేదైనా కావచ్చు. పాతికేళ్ల కుర్రాడికి ఛాతీ నొప్పి వస్తుంది, గుండె కండ దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ రక్తపరీక్షలో పెరిగి ఉంటుంది, యాంజియో చూస్తే నాళాలన్నీ శుభ్రంగా ఉంటాయి. ఇలాంటివాళ్లలో ఈ బొమ్మ ఒక్కటే జబ్బు పేరు తేల్చిన సందర్భాలు ఎన్నో. పేరు తేలితే జీవితాంతం వేసుకోమన్న మందుల్లో కొన్ని అక్కర్లేకుండా పోతాయి. కొన్ని నెలలు క్రికెట్టూ కబడ్డీ మానాల్సిన అవసరం ఉందో లేదో కూడా తెలుస్తుంది.

మన ఏకాంబరకుప్పం మనిషి దగ్గరికి వద్దాం. అమెరికాలో రేమండ్ కిమ్ బృందం 2000లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం ప్రచురించింది. స్టెంటుకో బైపాస్‌కో ముందు రోగుల గుండెలకు ఎంఆర్ఐ తీసి, తర్వాత మళ్లీ తీసి పోల్చారు. ముందు కదలిక సరిగా లేకున్నా మచ్చ అసలు లేని భాగాల్లో 78 శాతం చికిత్స తర్వాత మెరుగుపడ్డాయి. గోడ మందంలో ముప్పాతికకు పైగా మచ్చ ఉన్న 58 భాగాల్లో మెరుగైంది ఒక్కటంటే ఒక్కటి. మచ్చ సగం మందం దాటితే ఆశ తక్కువ, సగంలోపు ఉంటే ఆశ ఉంది అనే లెక్క అక్కణ్నుంచి ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది.

తెరిచిన నాళం, తెరవని నాళం

ఇక్కడ కథ సుఖాంతం అయిపోతే బాగుండేది. ఇరవై రెండేళ్ల తర్వాత, 2022లో, బ్రిటన్‌లో రివైవ్డ్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. పంపింగ్ 35 శాతానికి మించని 700 మందిని రెండు జట్లు చేశారు. అందరికీ గుండెలో బతికున్న కండ ఉందని పరీక్షల్లో తేలింది. ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం ఎంఆర్ఐలే. ఒక జట్టుకు స్టెంట్లు వేసి మందులు కూడా ఇచ్చారు, రెండో జట్టుకు మందులు మాత్రమే. చనిపోవడం, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం రెండూ కలిపి చూస్తే ఒక జట్టులో 37 శాతం, ఇంకో జట్టులో 38 శాతం. తేడా లేదనే చెప్పాలి. కండ బతికుంది కాబట్టి స్టెంటు వేస్తే ఆయుష్షు పెరుగుతుందన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. మచ్చ ఎక్కువున్నవాళ్లకు ముప్పు ఎక్కువన్నది మాత్రం ఆ రోగుల్లోనూ నిజమేనని తేలింది.

ఈ రెండు అధ్యయనాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవని నా అభిప్రాయం. మొదటిది కండ లేస్తుందా అని అడిగింది, రెండోది మనిషి ఎక్కువకాలం బతుకుతాడా అని అడిగింది. స్కాన్‌లో బతికున్న కండ కనబడగానే స్టెంటుకు పరుగెత్తడం తప్పు. స్కానే దండగ అనుకోవడమూ తప్పే. స్టెంటు అక్కర్లేదని నమ్మకంగా చెప్పగలగడం కూడా వైద్యమే. వడ్డీకి డబ్బు తెచ్చి, కమ్మలు కుదువపెట్టి ఆసుపత్రి మెట్లెక్కే కుటుంబాలకు అది పెద్ద ఊరట.

ఈ మాటకు ఇంకో గట్టి ఆధారం 2019లో వచ్చిన ఎంఆర్-ఇన్‌ఫార్మ్ పరీక్ష. నడిస్తే ఛాతీ పట్టేసే 918 మందిని తీసుకున్నారు. సగం మందికి నేరుగా యాంజియో చేసి, నాళంలో ఒత్తిడి కొలిచి, దాన్నిబట్టి నిర్ణయం తీసుకున్నారు. మిగతా సగానికి ముందు ఎంఆర్ఐ. గుండె నాళాలను వెడల్పు చేసే మందు ఇచ్చి, ఏ భాగానికి రక్తం చాలడం లేదో చూసి, అవసరమైనవాళ్లకే యాంజియో. ఎంఆర్ఐ జట్టులో సగానికి పైగా మందికి అసలు యాంజియోనే అవసరం పడలేదు. స్టెంటు, బైపాస్ జరిగినవాళ్లు మొదటి జట్టులో 45 శాతం ఉంటే ఎంఆర్ఐ జట్టులో సుమారు 36 శాతం. ఏడాది తర్వాత చూస్తే గుండెపోట్లూ మరణాలూ ఎంఆర్ఐ జట్టులో ఏమీ ఎక్కువ కాలేదు. స్థిరంగా ఉన్న ఛాతీ నొప్పికి ఈ దారి మంచిదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఒక్క జాగ్రత్త: ఇదంతా నెలల తరబడి స్థిరంగా ఉన్న నొప్పికి. ఇప్పటికిప్పుడు గుండెపోటు వస్తున్న మనిషికి ఎంఆర్ఐ కోసం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. అక్కడ నాళం తెరవడమే ముందు.

హైదరాబాదు నుంచి ఒక పాఠం

గుండె ఎంఆర్ఐ వైద్యం దారినే మార్చేసిన సందర్భం తెలుగు నేల మీదే ఉంది. హైదరాబాదు కేర్ ఆసుపత్రిలో డాక్టర్ కాలంబూర్ నరసింహన్ బృందం దగ్గరికి ఒక రకం రోగులు వచ్చేవారు. ఉన్నట్టుండి గుండె విపరీతమైన వేగంతో కొట్టుకుంటుంది, కళ్లు తిరుగుతాయి, ప్రాణం మీదికి వస్తుంది. వేగం పుట్టేది గుండె కింది గదుల్లో. ఎకో తీస్తే పంపింగ్ బాగానే ఉంటుంది. మామూలుగా అయితే లయ సరిచేసే మందులిచ్చి, తీగతో లోపల కాల్చి, షాకిచ్చే పరికరం అమర్చి పంపిస్తారు.

ఈ బృందం ఇంకా లోతుకు వెళ్లింది. ఎంఆర్ఐలో కండలో మచ్చ కనబడింది. పెట్ స్కాన్‌లో వాపు ఉన్న చోట్లు వెలిగాయి. ఛాతీ మధ్యలో బిళ్లలు పెరిగి ఉన్నాయి. ఆ బిళ్లల నుంచి ముక్క తీసి పరీక్షిస్తే కొందరిలో క్షయ (టీబీ), కొందరిలో సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బు. టీబీ మన ఊళ్లలో ఊపిరితిత్తుల జబ్బుగానే అందరికీ తెలుసు. ఇక్కడ దాని దెబ్బ గుండె కండ మీద పడింది. టీబీ ఉన్నవాళ్లకు టీబీ మందులు, సార్కాయిడ్ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్లు ఇచ్చారు. జబ్బు మూలానికి మందు పడ్డాక చాలామందిలో లయ అదుపులోకి వచ్చింది. 2011లో ఈ అనుభవాన్ని అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో ప్రచురించారు. షాకిచ్చే పరికరం ప్రాణం కాపాడుతుంది, కానీ టీబీని తగ్గించదు. అసలు శత్రువు ఎవరో చూపించడంలో ఆ తెల్లటి మచ్చకు పెద్ద పాత్రే ఉంది.

హైదరాబాదులోదే ఇంకొకటి. కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, ఇతర పరిశోధకులు 2009లో నేచర్ జెనెటిక్స్‌లో ఒక విషయం బయటపెట్టారు. గుండె కండ ప్రోటీన్‌కు సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు భారతీయుల్లో నూటికి నలుగురిలో ఉందనీ, గుండె కండ జబ్బులకు దానితో సంబంధం ఉందనీ. ఆ మార్పు ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు వస్తుందని కాదు, ఎక్కువమందికి ఏమీ కాదు. అయితే కండ మందంగా పెరిగే జబ్బు ఒక ఇంట్లో తేలితే, ఎకో గోడ మందం చెబుతుంది, ఎంఆర్ఐ ఆ మందం లోపల మచ్చ ఎంతుందో చెబుతుంది. ఎడమ కింది గది కండలో 15 శాతం దాటి మచ్చ ఉంటే హఠాన్మరణం ముప్పు పెరుగుతుందని 2014లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. షాకిచ్చే పరికరం పెట్టాలా వద్దా అని ఊగిసలాడే చోట ఇప్పుడు డాక్టర్లు ఆ లెక్కను కూడా చూస్తారు. పరుగు పందెంలో కుప్పకూలిన కుర్రాళ్ల వార్తలు చదివినప్పుడల్లా, ఆ ఇంట్లో మిగిలిన అన్నదమ్ములకు ఎవరైనా ఈ పరీక్షల సంగతి చెప్పారా అని మనసు పీకుతుంది.

ఇనుము లెక్క

తలసేమియా పిల్లల సంగతి క్లుప్తంగానైనా చెప్పాలి. రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించుకుంటేనే బతుకు. ఎక్కించే ఒక్కో సంచి రక్తంతో రెండు వందల మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి మన శరీరానికి లేదు. అది గుండెలో పేరుకుంటే గుండె ఆగిపోతుంది. రక్తంలో ఫెరిటిన్ చూసి ఇనుము ఎంతుందో అంచనా వేస్తారు కానీ గుండెలో ఎంతుందో ఆ పరీక్ష చెప్పలేదు. 2001లో లండన్‌లో డడ్లీ పెన్నెల్ బృందం టీ2-స్టార్ అనే ఎంఆర్ఐ కొలత తెచ్చింది. మందూ ఇంజక్షనూ లేకుండా, ఒక శ్వాస బిగబట్టినంతసేపట్లో అయిపోతుంది. 20 మిల్లీసెకన్లకు పైన ఉంటే భయం లేదు. 10 కన్నా తగ్గితే ఏడాదిలోపే గుండె వైఫల్యం రావొచ్చు. ఆ అంకెను బట్టి ఇనుము తీసే మందుల మోతాదు పెంచుతారు, మందే మారుస్తారు, రెండు మందులు కలుపుతారు. హైదరాబాదులో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఇలాంటి పిల్లల కోసం పనిచేస్తోంది. రాయలసీమలో రక్తం ఎక్కించుకునే ప్రతి బిడ్డకూ ఈ అంకె తెలిసి ఉండాలి. గుండె ఎంఆర్ఐ ఖర్చుకు నూటికి నూరుపాళ్లు న్యాయం జరిగే చోటు ఏదంటే నేను మొదట ఈ పిల్లలనే చూపిస్తాను.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

గది చల్లగా ఉంటుంది. లోపలికి పోయే ముందు గాజులు, కమ్మలు, పట్టీలు, జడపిన్నులు, మొలతాడుకున్న తాయెత్తు అన్నీ తీసేయాలి. తాళిబొట్టు తీయమంటే మన ఆడవాళ్లు ఇబ్బంది పడతారు. పసుపుతాడు ఉంచి లోహపు బిళ్లలు మాత్రం తీయొచ్చా అని ముందే అడిగి తెలుసుకుంటే మంచిది. సెల్‌ఫోను, తాళంచెవులు, ఏటీఎం కార్డు బయటే. ఈ జాగ్రత్తలు ఊరికే చెప్పేవి కావు. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో ఎంఆర్ఐ గదిలోకి అడుగుపెట్టిన రోగి బంధువు ప్రాణం పోగొట్టుకున్నాడు. అయస్కాంతం రోగి లోపల ఉన్నప్పుడే పనిచేస్తుందనుకోవద్దు. అది రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. లేత్ మీదో వెల్డింగ్‌లోనో పనిచేసి కంట్లో ఇనుప రజను పడినవాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి.

ఛాతీ మీద ఒక పలక లాంటిది పెట్టి బిగిస్తారు. చెవుల్లో దూది లాంటి బిరడాలు, చేతిలో నొక్కడానికి రబ్బరు బుడ్డి. ఊపిరాడనట్టు అనిపిస్తే దాన్ని నొక్కాలి. ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. మధ్యమధ్యలో మైకులో మాట వినబడుతుంది: "గాలి పీల్చండి... వదలండి... ఇప్పుడు ఆపండి." వేలూరులోనో చెన్నైలోనో అయితే "మూచ్చ ఇళుత్తు పిడింగ" అంటారు. నగరి వాళ్లకు తెలుగు, తమిళం రెండూ వస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. కడప, అనంతపురం నుంచి వచ్చినవాళ్లు మాత్రం తెలుగులో చెప్పమని ముందే అడగాలి, ఎందుకంటే ఊపిరి ఆపాల్సిన చోట వదిలితే బొమ్మ చెదిరిపోతుంది. పదీ పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టడం ఇంట్లోనే సాధన చేసి వెళ్తే ఆ గంట తేలిగ్గా గడుస్తుంది.

స్టెంటు ఉన్నవాళ్లు భయపడక్కర్లేదు. గుండె నాళాల్లో వేసే స్టెంట్లతో ఎంఆర్ఐ తీయొచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం ఆ పరికరం వివరాలున్న కార్డు తప్పకుండా తీసుకెళ్లాలి. 2008 తర్వాత ఎంఆర్ఐకి పనికొచ్చే పేస్‌మేకర్లు వచ్చాయి కానీ అవి కూడా ముందు సెట్టింగు మార్చాకే లోపలికి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లలో గాడోలినియం చర్మాన్ని, కండను గట్టిపరిచే అరుదైన జబ్బు తేగలదని 2006లో బయటపడింది. కొత్తరకం గాడోలినియం మందుల్లో ఆ ముప్పు చాలా తక్కువ. అయినా క్రియాటినిన్ రిపోర్టు చూపించకుండా ఆ ఇంజక్షన్ వేయించుకోవద్దు.

స్కాన్ రాసిన డాక్టరును ఒక్క మాట అడగడంలో తప్పు లేదు: "ఇందులో ఏం తేలితే వైద్యం మారుతుంది సార్?" మంచి డాక్టరు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. మచ్చ సగం దాటితే స్టెంటు వద్దనుకుంటున్నామనో, పరికరం పెట్టాలో లేదో తేలుతుందనో, టీబీ అనుమానమనో సూటిగా చెబుతాడు. ఏం తేలినా అవే మందులు, అదే ఆపరేషన్ అయితే ఆ స్కాన్ డబ్బు ఇంట్లోనే ఉంచుకోవచ్చు. యంత్రం ఉన్న ప్రతి చోటా గుండె ఎంఆర్ఐ మంచిగా రాదు. గుండె బొమ్మలు తీయడం నేర్చిన టెక్నీషియన్, వాటిని చదవడంలో చేయి తిరిగిన రేడియాలజిస్టు, ఆ చదివింది అర్థం చేసుకుని దారి మార్చుకునే కార్డియాలజిస్టు, ముగ్గురూ ఉండాలి. యంత్రాలు రానురాను చవకవుతాయి. ద్రవ హీలియం అక్కర్లేని 1.5 టెస్లా యంత్రాన్ని బెంగళూరు సంస్థ వోక్సెల్‌గ్రిడ్స్ 2023లోనే మన దేశంలో తయారుచేసి చూపించింది. ఆ ముగ్గురు మనుషులను తయారుచేయడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

నీలిబిడ్డలు పెద్దయ్యాక

అలాంటి ముగ్గురూ తిరుపతిలో ఉండాలని పట్టుబట్టి చెప్పడానికి కారణం పిల్లలు. ఫాలో టెట్రాలజీ అనే పుట్టుకతో వచ్చే గుండె లోపం ఉన్న బిడ్డ ఏడిస్తే పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. గుండె గదుల మధ్య గోడకు రంధ్రం, ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకు. 1954లో అమెరికాలో వాల్టన్ లిల్లెహై తొలిసారి దీన్ని పూర్తిగా సరిచేశాడు. రంధ్రం మూసి, ఇరుకు దారిని వెడల్పు చేస్తారు, బిడ్డ ఎర్రబడుతుంది. తల్లి ఒడిలోంచి దిగి పరుగెడుతుంది. ఆపరేషన్ల ఖర్చు భరించడానికి 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, శ్రీవారి ప్రాణదాన ట్రస్టు ఉంది, ఇప్పుడు హృదయాలయం ఉంది. ఈ తరం బిడ్డల అదృష్టం.

కానీ ఆ ఆపరేషన్‌తో కథ అయిపోదు. దారి వెడల్పు చేసినప్పుడు ఊపిరితిత్తుల కవాటం చాలాసార్లు సరిగా మూసుకోలేని స్థితికి వస్తుంది. ప్రతి కొట్టుకూ కొంత రక్తం వెనక్కి కారుతుంది. బిడ్డకు ఏ బాధా ఉండదు. బడికి పోతుంది, ఆడుకుంటుంది, పెళ్లీడుకొస్తుంది. కుడి కింది గది మాత్రం ఏడాదికేడాది ఉబ్బుతూ పోతుంది. ఎప్పుడో ఒకరోజు కొత్త కవాటం అమర్చాలి. తొందరపడి అమర్చితే ఆ కవాటం పాడైపోయి మళ్లీ ఆపరేషన్. ఆలస్యం చేస్తే గది వెనక్కి తగ్గలేనంత సాగిపోతుంది. ఆ వేళ ఎప్పుడన్నది చెప్పేది ఎంఆర్ఐ. కుడి గది నెలవంక ఆకారంలో, ఎడమ గదిని చుట్టుకుని ఉంటుంది, ఎకోతో దాని ఘనపరిమాణం కొలవడం కష్టం. ఎంఆర్ఐ మిల్లీలీటర్లలో లెక్క తేలుస్తుంది. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 150, 160 మిల్లీలీటర్లు దాటుతోందంటే కవాటం గురించి గట్టిగా ఆలోచించాల్సిన సమయం వచ్చినట్టే. 2003లో లండన్ వైద్యులు ఇంకో అడుగు ముందుకేసి, పుట్టుకతో గుండె లోపాలున్నవాళ్లకు ఎంఆర్ఐ బొమ్మల సాయంతో గుండెలోకి తీగ పంపి చూపించారు. ఎక్స్-రే కిరణాల తాకిడి అంతమేరకు తగ్గింది.

2021 తర్వాత తిరుపతిలో ఆపరేషన్ అయిన బిడ్డలు ఇప్పుడిప్పుడే బడికెళ్తున్నారు. అంతకుముందు స్విమ్స్‌లో, వేలూరులో, చెన్నైలో ఆపరేషన్ అయినవాళ్లు ఇప్పటికే పాతికేళ్లవాళ్లు. నగరిలో, పుత్తూరులో, నిండ్రలో, విజయపురంలో వాళ్లున్నారు. బాగైపోయిందనుకుని చెకప్ మానేసినవాళ్లే ఎక్కువ. ఆడపిల్లలు గర్భం దాల్చాక ఆయాసంతో మళ్లీ ఆసుపత్రికి వస్తున్నారు. వీళ్లను ఊరూరా వెతికి, రెండు మూడేళ్లకొకసారి స్కాన్‌కు పిలిచే పద్ధతి తిరుపతిలో రావాలి. ఆపరేషన్ చేసిన ఊరే ఆ బాధ్యత తీసుకోవడం న్యాయం. పథకాల్లో ఆపరేషన్‌కు డబ్బు ఉన్నట్టే, పదేళ్ల తర్వాతి స్కాన్‌కూ డబ్బు ఉండాలి.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. స్కాన్ తర్వాత ఇచ్చే రెండు పేజీల రిపోర్టుతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, ఇంకెవరి ఇంట్లోనైనా ఒక కాపీ. ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ, ఎకో రిపోర్టులు అన్నీ ఆ ఫైల్లోనే. బిడ్డ చదువు కోసం బెంగళూరు పోయినా, పెళ్లయి చెన్నై పోయినా ఆ ఫైలు వెంట పోవాలి. కొత్త స్కాన్‌లో కుడి గది 140 ఉందంటే ఆ ఒక్క అంకెతో ఏమీ తేలదు. మూడేళ్ల కిందట 138 ఉంటే ఇంకా ఆగొచ్చు, 110 ఉంటే ఆగకూడదు. ఏ ఊరి డాక్టరైనా ముందు అడిగేది పాత కొలత ఎంతుండేదనే.